మామగారి పేరు, నాయనమ్మ పేరు, నక్షత్రం అక్షరం: అన్నీ కుదిరేలా బిడ్డకు పేరు పెట్టడం

ప్రశ్న ఇది. చెన్నై వేళచ్చేరిలో కాపురం, తొలి కాన్పు వచ్చే నెల. మామగారు వెంకట సుబ్బయ్య గారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. బిడ్డకు ఆయన పేరు రావాలని అత్తగారి పట్టు. మీ నాయనమ్మ గంగమ్మ గారి పేరు కూడా కలవాలని మీ నాన్నగారి కోరిక. నక్షత్రం అక్షరం తప్పకూడదని ఇరువైపులా అంటున్నారు. పేరు మరీ పాతకాలంగా ఉంటే బడిలో పిల్లలకు ఇబ్బందని మీ ఇద్దరి బెంగ. ఆడపిల్లో మగపిల్లాడో తెలియదు కాబట్టి రెండింటికీ చూద్దాం.

ఆ పేరు ఇంట్లో రోజూ ఎవరి నోట పలుకుతుందో ముందు తేల్చుకోండి. చాలా ఇళ్ళలో జరిగేది ఏమిటంటే, సర్టిఫికెట్లో పెద్దాయన పేరు మధ్యలో ఎక్కడో ఇరికిస్తారు, పిలవడానికి మాత్రం ఇంకో పేరు వెతుక్కుంటారు. పదేళ్ళు పోయాక ఆ మధ్య పేరు ఎవరిదని పిల్లాడిని అడిగితే చెప్పలేడు. నన్నడిగితే అది పేరు పెట్టడం కాదు, పేరు దాచిపెట్టడం. పెద్దల పేరు పెట్టాలంటే, ఎంత మార్చి పెట్టినా సరే, పిలిచే పేరులోనే రావాలి.

కానీ ఉన్నది ఉన్నట్టు పెడితే ఇంకో చిక్కు. మీ అత్తగారి తరం ఆడవాళ్ళు భర్త పేరు నోటితో అనరు. మీరూ మామగారి పేరు పెట్టి పిల్లాడిని ‘ఒరే’ అనలేరు, అందులోనూ తిట్టేటప్పుడు. పిల్లాడి దగ్గర రోజంతా ఉండేది మీరిద్దరే. ఇక వాడు బుజ్జి, చంటి, చిన్నా అయిపోతాడు, వెంకట సుబ్బయ్య బడి రిజిస్టర్లో మిగిలిపోతాడు. ఎవరి కోసమైతే పేరు పెట్టారో ఆవిడే పలకలేని పేరు పెట్టినట్టవుతుంది. అందుకని పేరు ఖాయం చేసేముందు ఆవిడనే విడిగా కూర్చోబెట్టి, ‘ఇలా పిలవడం మీకు ఇష్టమేనా, నోరు వస్తుందా’ అని అడగండి. కొందరికి ఆ పేరు రోజూ చెవిన పడటం ఓదార్పు. ఇంకొందరికి ఏడాదిలోపే ఆ పేరు వినడం గుండె కోత. ఈ సంగతి మీవారు అడిగితే ఒకలా చెబుతారు, మీరు అడిగితే ఇంకోలా చెబుతారు. ఇద్దరూ అడగండి.

తరవాతి పని, ఆ పెద్దవాళ్ళ అసలు పేరు ఏమిటో, ఎందుకు పెట్టారో తెలుసుకోవడం. అందరూ పిలిచిన పేరు, కాగితాల్లో పేరు వేరువేరుగా ఉండటం మామూలే. మరణ ధ్రువపత్రం, పొలం పాస్‌పుస్తకం, పాత శుభలేఖ, పింఛను పుస్తకం చూడండి. తద్దినాలు పెట్టే ఇళ్ళలో అయితే పురోహితుడి దగ్గర మూడు తరాల పేర్లుంటాయి: తండ్రి, తాత, ముత్తాత, అలాగే తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు. తర్పణంలో చెప్పే పేరే నిండు పేరు. ఆ పద్ధతి లేని ఇళ్ళలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు పేర్లు తలిచే ముసలమ్మ ఎవరో ఒకరు ఉంటారు, ఆవిడే రికార్డు.

ఎందుకు పెట్టారన్నది ఇంకా ముఖ్యం, కొత్త పేరు దొరికేది అక్కడే. తెలుగు పాత పేర్లలో ఎక్కువ భాగం మొక్కుబడి పేర్లు. ఏడుకొండలు, తిరుపతయ్య అంటే తిరుమల. అప్పన్న, అప్పలరాజు, అప్పలనర్సమ్మ అంటే సింహాచలం. కోటయ్య, కోటేశ్వరమ్మ అంటే కోటప్పకొండ. సత్యవతి, సత్తిబాబు అంటే అన్నవరం. మస్తానయ్య అంటే దర్గా మొక్కు. పర్వతాలు, శ్రీశైలం అంటే మల్లన్న. ఇక పెంటయ్య, తవిటయ్య, పిచ్చయ్య వేరే జాతి. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, ఈ బిడ్డ మీద ఎవరి కన్నూ పడకుండా కావాలని పెట్టిన పేర్లవి. పెంటకుప్ప మీద వేసి తీసినందుకు పెంటయ్య, తవుడిచ్చి కొన్నట్టు చేసినందుకు తవిటయ్య. ఇలాంటి పేరున్న తాతగారిని తలుచుకోవాలంటే ఆ పేరు అందంగా దిద్దబోకండి, కుదరదు. ‘దక్కాలి, బతకాలి’ అన్న కోరికను తీసుకోండి: చిరంజీవి, ఆయుష్, మృత్యుంజయ, సంజీవ్. పెంటయ్య తాతకు సంజీవ్ అనే మనవడు సరిగ్గా సరిపోతాడు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. ‘వెంకట’ తిరుమల స్వామిది, అందులో సందేహం లేదు. ‘సుబ్బ’ దగ్గర ఆగాలి. తమిళనాట సుబ్రహ్మణ్యం అనగానే వడపళని, తిరుత్తణి, చేతిలో వేలాయుధం గుర్తొస్తాయి. మన సుబ్బరాయుడికి మాత్రం పుట్ట, పాలు, నాగప్రతిష్ఠ. మార్గశిర శుద్ధ షష్ఠి నాడు పుట్టలో పాలు పోసే మొక్కుతో పుట్టినవాళ్ళే సుబ్బయ్యలు, సుబ్బమ్మలు. మామగారి తల్లి ఏ మొక్కు మొక్కుకుందో మేనత్తలెవరైనా ఉంటే అడగండి. జవాబును బట్టి దారి రెండుగా చీలుతుంది.

నాగుల మొక్కు అయితే శేష, అనంత, ఫణి, నాగ అనే పేర్లు మీవి. ఇందులో ఒక మంచి సౌకర్యం ఉంది. శేషాద్రి అంటే ఏడుకొండల్లో ఒకటి, ఆదిశేషుడి పేరు మీద ఉన్న కొండ. వెంకటా వచ్చాడు, సుబ్బడూ వచ్చాడు, ఒక్క పేరులో ఇద్దరూ. అనంత కూడా అంతే, ఆదిశేషుడికీ విష్ణువుకూ ఉమ్మడి పేరు.

షణ్ముఖుడి మొక్కు అయితే స్కంద, గుహ, షణ్ముఖ, కుమార, శరవణ, విశాఖ, కార్తికేయ అని పెద్ద జాబితా ఉంది. మీ నాన్నగారి కోరికకు కూడా ఇందులోనే చోటుంది. శివతేజాన్ని గంగ మోసిందని కథ, అందుకే సుబ్రహ్మణ్య అష్టోత్తరంలో గంగాసుతుడని ఉంటుంది. గాంగేయ అన్నా ఆయనే (భీష్ముడికీ అదే పేరు). సుబ్బయ్య గారి మనవడు, గంగమ్మ గారి మునిమనవడు ‘గాంగేయ’ అయితే రెండిళ్ళ పేరూ ఒక్క మాటలో ఇమిడిపోతుంది, ఎవరి పేరు ముందు ఎవరిది వెనక అన్న తగవే లేదు. లోపం లేదని కాదు. ఇంగ్లీషులో రాస్తే ముందు కనిపించేది గ్యాంగ్ అన్న మాటే. బడిలో నాలుగు రోజులు ఏడిపిస్తారు. అది భరించగలమనుకుంటేనే పెట్టండి.

అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు మగపిల్లలకు పెట్టాలన్నప్పుడు ఈ దారి అందరికీ పనికొస్తుంది. తల్లి పేరు మీద కొడుకును పిలిచే పేర్లు పురాణాల్లో సిద్ధంగా ఉన్నాయి. సుమిత్రమ్మ గారికి సౌమిత్రి. అంజనమ్మ గారికి ఆంజనేయ. రాధమ్మ గారికి రాధేయ. కుంతీదేవి గారికి కౌంతేయ. దేవకమ్మ గారికి దేవకీనందన్. అనసూయమ్మ గారికి ఆత్రేయ; అది ఆవిడ భర్త అత్రి పేరు మీద వచ్చిన మాటే అయినా, ఆవిడ కొడుకు దత్తాత్రేయుడు కాబట్టి. తండ్రి పేరు మీద కూతురు కూడా ఇలాగే: పర్వతాలు తాతకు పార్వతి, భగీరథ తాతకు భాగీరథి, జనకరాజు గారికి జానకి. దశరథరామయ్య తాతకు మగపిల్లాడైతే దాశరథి. ఇవి ఎవరో యాప్‌లో అల్లినవి కావు, వ్యాకరణం ఒప్పిన పేర్లు.

లేదంటే దంపతి పేర్లు: వెంకటేశ్వర్లు తాతకు మనవరాలు పద్మావతి, అలివేలు, లక్ష్మమ్మకు మనవడు శ్రీనివాస్, శ్రీధర్. ఇక్కడ ఒక జాగ్రత్త. రామయ్య తాత పేరని ‘రమ’ పెడుతుంటారు. రమ అంటే లక్ష్మీదేవి. రామయ్యతో చుట్టరికం సీతమ్మ ద్వారా కలుపుకోవచ్చు గానీ, రాముడు అన్న పేరుకు ఆడరూపం కాదది. రామయ్యకు జానకి, వైదేహి, మైథిలి ఉన్నాయి. పేర్ల వెబ్‌సైట్లలో ఇచ్చే అర్థాలు నమ్మి దిగకండి. ‘అన్ష్’ తోక తగిలించిన ప్రతి పేరుకూ అక్కడ ‘విష్ణువు అంశ’ అని రాసి ఉంటుంది. శబ్దరత్నాకరంలోనో, ఆంధ్రభారతి నిఘంటువుల్లోనో వెతకండి. అక్కడ దొరకని మాటకు అర్థం లేనట్టే లెక్క.

మీకు ఆడపిల్ల పుడితే పని ఇంకా తేలిక. గంగమ్మ గారికి జాహ్నవి, భాగీరథి, మందాకిని, అలకనంద. సుబ్బయ్య గారి వైపు నుంచి వల్లి, దేవసేన. వెంకట వైపు నుంచి పద్మ. ఒక్కటి మాత్రం ముందు చూసుకోండి. మీ నాయనమ్మ పుట్టిల్లు తిరుపతి, చిత్తూరు వైపు అయితే ఆవిడ పేరులో గంగమ్మ నది కాకపోవచ్చు, జాతర జరిగే తిరుపతి గంగమ్మ తల్లి కావచ్చు. ఆ ఊరివాళ్ళకు గ్రామదేవత పేరు తీసి నది పేరు పెడితే తేడా తెలిసిపోతుంది. అలాంటప్పుడు ‘గంగ’ అన్న మాట ఉన్నదున్నట్టు ఉంచడమే మర్యాద: గంగాభవాని, గంగోత్రి, లేదా ఒట్టి గంగ. ఒట్టి గంగ మంచి పేరు, ఎందుకో జనం భయపడతారు.

క్రైస్తవ కుటుంబాల్లో లెక్క వేరైనా దారి ఇదే. దేవదానం తాతగారి పేరుకు నతానియేలు, మత్తయి సరిగ్గా అదే అర్థం. కృపమ్మ గారికి హన్నా.

ఇక నక్షత్రం. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 అక్షరాలు. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి సుమారు ఒక రోజు, పాదం దాటడానికి దాదాపు 6 గంటలు పడుతుంది. కాబట్టి వచ్చే నెల పుట్టబోయే బిడ్డకు అక్షరం ఇప్పుడే ఊహించడం దండగ. ఉదయం కాన్పు అయితే ఒక అక్షరం, సాయంత్రం అయితే ఇంకొకటి. చేయాల్సిందల్లా ఆ పెద్దవాళ్ళ దేవుడి అష్టోత్తరం తెచ్చుకుని, అందులో పేరుగా పనికొచ్చేవి అక్షరాల వారీగా రాసి పెట్టుకోవడం. పుట్టిన నిమిషం ఆసుపత్రి కేస్‌షీట్‌లో ఉన్నది రాసుకోండి, బంధువుల గడియారంలోది కాదు.

మీ జాబితా ఇలా వస్తుంది. గాంగేయకు ‘గా’, ధనిష్ఠ 1వ పాదం. గుహకు ‘గూ’, ధనిష్ఠ 3. అనంతకు ‘అ’, కృత్తిక 1. వెంకటకు ‘వే’, మృగశిర 1. కార్తికేయకు ‘కా’, మృగశిర 3. విశాఖకు ‘వీ’, రోహిణి 3. కుమారకు ‘కూ’, ఆర్ద్ర 1. శేషాద్రికి ‘సే’, పూర్వాభాద్ర 1. జాహ్నవికి ‘జా’, ఉత్తరాషాఢ 3. భాగీరథికి ‘భా’, పూర్వాషాఢ 3. వల్లికి ‘వా’, రోహిణి 2. దేవసేనకు ‘దే’, రేవతి 1. హ్రస్వం, దీర్ఘం ఒకటే కింద లెక్క, శ స కూడా చాలామంది పురోహితులు ఒకటిగానే తీసుకుంటారు. హస్త 2వ పాదానికి ‘షం’ వస్తుంది, దానికి పేరే లేదని తలపట్టుకుంటారు. మీకైతే షణ్ముఖ సిద్ధంగా ఉంది. హస్త 3లో ‘ణా’, ఆర్ద్రలో ‘ఙ’ వస్తే మాత్రం ఎవరికీ పేరు దొరకదు. అప్పుడు అదే నక్షత్రంలో పక్క పాదం అక్షరం తీసుకోవడం వాడుకలో ఉన్నదే. ఆర్ద్ర, పూర్వాషాఢ, ఉత్తరాభాద్ర అక్షరాలు పంచాంగానికీ పంచాంగానికీ కొంచెం మారతాయి. రెండు పంచాంగాలు పక్కపక్కన పెట్టుకుని దెబ్బలాడకండి, మీ పురోహితుడిది ఒక్కటే చూడండి.

అక్షరం అసలు కుదరకపోతే? శాస్త్రం ఒక్క పేరే పెట్టమనలేదు. నామకరణంలో మాసనామం, నక్షత్రనామం, దేవతానామం, వ్యావహారికనామం అని నాలుగు ఉంటాయి. తండ్రి బిడ్డ కుడి చెవిలో చెప్పేవి, పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో రాసేవి ఇవే. నక్షత్రం అక్షరం నక్షత్రనామానికి చాలు. పిలుపు పేరు దానితోనే మొదలవ్వాలన్న పట్టింపు తరవాత వచ్చిన వాడుక. సంకల్పంలో నక్షత్రనామం చెప్పించుకుని, వ్యావహారికంలో పెద్దల పేరు పెట్టుకోండి. ఈ మాట బారసాల నాడు పీటల మీద కాకుండా, ముందే పురోహితుడి చేత అత్తగారికి చెప్పించండి. మీరు చెబితే తప్పించుకోవడానికి అన్నట్టుంటుంది.

ఏడాది తిరగలేదన్న సంగతి. నామకరణం తప్పనిసరి సంస్కారం కాబట్టి, పురుడు శుద్ధి అయ్యాక 11వ రోజున నిరాడంబరంగా జరిపించేసి, ఊయల వేడుక, భోజనాలు మాత్రం సంవత్సరీకం అయ్యాక పెట్టుకోవడం చాలా ఇళ్ళలో ఉన్న పద్ధతి. మీ ఇంటి ఆచారం మీ పెద్దలదే. బతికున్న పెద్దవాళ్ళ పేరు పెట్టొచ్చా అన్నదీ అంతే. కొన్ని ఇళ్ళలో తాత ఒళ్ళో కూర్చోబెట్టుకుని తన పేరే పెట్టిస్తాడు, కొన్ని ఇళ్ళలో ఆయుక్షీణమని దగ్గరికి రానివ్వరు. వాదన వద్దు, ఆ పెద్దమనిషినే అడగండి. చిన్న వయసులో పోయినవాళ్ళ పేరు విషయంలో మాత్రం నా అభిప్రాయం కాస్త గట్టిది: ఆ మనిషి తల్లి ఇంకా బతికుంటే, ఆమె తనంతట తాను కోరితే తప్ప ఆ పేరు ఉన్నదున్నట్టు పెట్టకండి. బిడ్డకు జ్వరం వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో ఊపిరి ఆడదు.

ఇద్దరు పెద్దల పేర్లు కలపాలంటే మొదట ఉమ్మడి ముక్క వెతకండి. వెంకటలక్ష్మి, సుబ్బలక్ష్మి అనే ఇద్దరు నాయనమ్మలుంటే పేరు అక్కడే ఉంది, లక్ష్మి. అది లేకపోతే సమాసం: శివయ్య, రామయ్య అయితే శివరామ్. అదీ కుదరకపోతే ఒకరిని ఈ బిడ్డకు, ఇంకొకరిని తరవాతి బిడ్డకు. తలా రెండక్షరాలు కోసి అతికించిన పేర్లలో పెద్దలు ఎవరూ కనిపించరు, అర్థమూ ఉండదు. మొదటి అక్షరం ఒక్కటీ కలిపి ‘మామగారి పేరే’ అనడం అన్నిటికంటే బలహీనం. అత్తగారు మొహమాటానికి సరేనంటారు, అంతే.

ఇప్పటిదాకా ఇంటి సంగతులు. ఇక్కడినుంచి కాగితాలు, చెన్నైలో అసలు చిక్కులు ఇవే.

జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం పుట్టిన 21 రోజుల్లో నమోదు కావాలి. ఆసుపత్రిలో కాన్పు అయితే వాళ్ళే పంపుతారు. తమిళనాడులో దానికి పిక్మీ నంబరు అడుగుతారు, గర్భిణిగా నమోదైనప్పుడు ఇచ్చే 12 అంకెల నంబరు. ఇంకా తీసుకోకపోతే ఇప్పుడే తీసుకోండి. పేరు మాత్రం వెంటనే ఇవ్వక్కర్లేదు. సెక్షన్ 14 కింద పేరు లేకుండా నమోదు చేసి తరవాత చేర్చవచ్చు: నమోదైన నాటినుంచి 12 నెలల దాకా రుసుం లేదు, ఆ తరవాత 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుంతో. కాబట్టి డిశ్చార్జి రోజు కౌంటర్లో తొందరపెడుతున్నారని ఏదో ఒక పేరు రాసి ఇవ్వకండి. ఖాళీగా వదిలితే తరవాత నింపుకోవచ్చు. ఒకసారి రాశాక మార్చడం ఆ తేలికలో ఉండదు. సెక్షన్ 15 రాతలో దొర్లిన తప్పులు దిద్దడానికే, మనసు మారినందుకు కాదు. ‘బేబీ ఆఫ్’ అన్నది పేరు గడిలో ఎక్కకుండా కూడా చూసుకోండి.

అలాగని ఏళ్ళ తరబడి వదిలేయకండి. 2023లో చట్టం సవరించారు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడి, ఆధార్, ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు అన్నిటికీ పుట్టినతేదీ రుజువు జనన ధ్రువపత్రమే. పాస్‌పోర్టుకూ అదే. పాత తరంలో బడి రిజిస్టర్లో ఒక పేరు, కార్పొరేషన్‌లో ఇంకో పేరు ఉన్నా నడిచింది. ఇప్పుడు అది నడవదు.

తొలి కాన్పు పుట్టింట్లో అని నెల్లూరుకో తిరుపతికో వెళ్తే నమోదు అక్కడే జరుగుతుంది, మీ కాపురం చెన్నైలో ఉన్నా సరే. పేరు చేర్చాల్సిందీ ఆ కార్యాలయంలోనే. మూడో నెలలో చెన్నైకి తిరిగొచ్చాక ఆ పని గుర్తొస్తే మీ నాన్నగారికి తిరుగుడు తప్పదు. బయల్దేరకముందే పూర్తిచేసుకోండి.

చెన్నైలోనే కాన్పు అయితే సర్టిఫికెట్లో పేరు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. తమిళ లిపిలో క ఖ గ ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. త థ ద ధ, ప ఫ బ భ కూడా అంతే. దీని దెబ్బ మీ జాబితా మీద ఇలా పడుతుంది. గాంగేయ కాంగేయ అవుతాడు, అక్కడి అలవాటు ప్రకారం కాంగేయన్ అని చివర ‘న్’ కూడా చేరొచ్చు. భాగీరథిని చదివేవాళ్ళు తమకు తెలిస్తే భా అంటారు, తెలియకపోతే పా అంటారు. అన్నిటికంటే పెద్ద చిక్కు అనంత్‌ది: త, ద ఒకటే అక్షరం, కాబట్టి అనంత్‌కూ ఆనంద్‌కూ తమిళంలో మొదటి అచ్చు దీర్ఘం ఒక్కటే తేడా. పైగా ఆనంద్ అనే పేరును ఇంగ్లీషులో చివర టీ, హెచ్ పెట్టి రాసేవాళ్ళు అక్కడ బోలెడుమంది. మీ అనంత్ చెన్నైలో జీవితాంతం ఆనంద్‌గా పిలిపించుకుంటాడు, శేషుడూ ఉండడు, వెంకన్నా ఉండడు. శేషాద్రికి ఆ బాధ లేదు, మాంబళంలోనో మైలాపూరులోనో ఆ పేరు తెలియనివాళ్ళుండరు. పాతదనం సంగతంటారా, ఇంట్లో శేషు అంటే సరిపోతుంది.

ఇంగ్లీషు స్పెల్లింగు దగ్గర తమిళనాడు లెక్క వేరు. అక్కడ ఒట్టి టీ రాస్తే ‘ట’ అని చదువుతారు, ‘త’ కావాలంటే టీ పక్కన హెచ్ ఉండాలి. సీత, లత, కార్తికేయ లాంటి పేర్లకు ఇది చూసుకోండి, లేకపోతే హాజరు పిలిచేటప్పుడు సీట, లట అవుతారు. పెద్దాయన పేరు మాట ఏదైనా ఉన్నదున్నట్టు పెడుతుంటే, ఆయన సంతకంలో వాడిన స్పెల్లింగే తీసుకోండి. సంఖ్యాశాస్త్రం కోసం మధ్యలో అదనంగా ఏ ఒకటి, హెచ్ ఒకటి జొప్పిస్తే, ఆ అక్షరం ఏదో ఒక ఆఫీసులో రాలిపోతుంది, తరవాత రెండు కాగితాలూ ఒకరివేనని రుజువు చేసుకోవాలి.

ఇనిషియల్ సంగతి కూడా ముందే తేల్చుకోండి. మన పద్ధతిలో ఇనిషియల్ ఇంటిపేరు, తమిళనాట తండ్రి పేరు మొదటి అక్షరం. ఏది వేయాలో మీరు చెప్పకపోతే బడివాళ్ళు తమ అలవాటు ప్రకారం వేసేస్తారు. ఇంటిపేరుకు ‘వెంకట’ చేర్చి రెండు ఇనిషియల్స్‌గా పెట్టడం పాత తెలుగు మర్యాదే, పెద్దాయన పేరు అలా నిలుస్తుంది కూడా. కానీ పాస్‌పోర్టులో ఇనిషియల్స్ ఒప్పుకోరు, విడదీసి పూర్తిగా రాయాలి. అందుకని జనన ధ్రువపత్రంలోనే విడదీసి రాయించండి. ఒకే మాట పేరుగా పెట్టి ఇంటిపేరు గడి ఖాళీగా వదలడం కూడా మంచిది కాదు. విదేశీ వీసాల దగ్గర తంటా వస్తుంది.

పొడవు లెక్కపెట్టుకోండి. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే గీతలో పేరుకు దొరికేవి 39 గళ్ళు. ఇంటిపేరు తరవాత రెండు గళ్ళు, మాటకూ మాటకూ మధ్య ఒక గడి అందులోనే పోతాయి. వెంకట సుబ్రహ్మణ్య గాంగేయ కార్తిక్ అని నలుగురినీ సంతోషపెడితే ఇంగ్లీషులో 32 అక్షరాలు, మధ్య ఖాళీలు 3, మొత్తం 35. ఇంటిపేరుకు మిగిలేవి రెండు అక్షరాలు. తెలుగువాళ్ళ ఇంటిపేర్లు మీకు తెలియనివి కావు. గీతలో పేరు తెగిపోతుంది, టికెట్టు మీద ఇంకోలా వస్తుంది. ఇంటిపేరు కాక రెండు మాటలు చాలు: వెంకట శేషాద్రి, లేదా వెంకట గాంగేయ. పిలుపుకు వచ్చే మాట చివర ఉంచండి. మొదటి మాటే పిలిచే పేరనుకునే చోట్ల వాడు వెంకట అయిపోతాడు, అదేమంత నష్టం కాదు, అది తాత పేరే కదా.

మీవారి అన్నదమ్ములను, ఆడపడుచులను ఇప్పుడే అడిగి పెట్టుకోండి. తండ్రి పేరు తమ పిల్లలకు పెట్టాలని వాళ్ళకూ ఉంటుంది. ఒకే ఇంటిపేరు, ఒకే పేరుతో ఇద్దరు మనవళ్ళుంటే, అదే పేరుతో తాతగారి పొలం కాగితాలు కూడా ఉంటే, రేపు వారసత్వ పత్రాల దగ్గర ఎవరు ఎవరో చెప్పడానికి తండ్రి పేర్లు, పుట్టినతేదీలు పట్టుకుని తిరగాలి. వెంకట అందరికీ ఉమ్మడిగా ఉంచి, రెండో మాట ఎవరిది వాళ్ళు తీసుకోండి: ఒకరికి శేషాద్రి, ఒకరికి షణ్ముఖ, ఒకరికి కార్తికేయ.

చివరి పని, పేరు నోటితో చెప్పి రాయించకండి. తమిళంలో ఒక వరుస, ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ఒక వరుస కాగితం మీద రాసి ఇవ్వండి. తమిళ వరుస ఆ భాష బాగా చదవగలిగే పొరుగింటివారి చేత పైకి చదివించి, వాళ్ళ నోట ఏం వస్తుందో విని, అప్పుడు ఇవ్వండి. సర్టిఫికెట్ చేతికొచ్చాక బిడ్డ పేరుతో పాటు మీ ఇద్దరి పేర్ల స్పెల్లింగూ మీ ఆధార్‌తో పోల్చి చూడండి. బిడ్డ పేరు మీద అంత ధ్యాస పెట్టి తల్లి పేరులో తప్పు చూసుకోనివాళ్ళే ఎక్కువ.